బండి బయలుదేరింది

మా అక్కకు రెండు గొంతులున్నాయి. ఇంట్లో వాడేది ఒకటి, పనిలో వాడేది ఇంకొకటి. ఇంట్లో గొంతు గురించి చెప్పుకోవడానికేమీ లేదు. పాలు పొంగుతున్నాయని అక్క అరిస్తే కింది వాటావాళ్ళు కూడా తమ పొయ్యి ఆర్పేసుకుంటారు. పనిలో గొంతును చాలా ఏళ్ళపాటు నేను విననే లేదు. ఒకసారి పక్కింటి ముసలాయన మెట్ల మీద జారిపడితే అంబులెన్సుకు నేనే ఫోన్ చేశాను. ఎత్తింది అక్క. నేనని తెలిసి కూడా, "అమ్మా, భయపడకండి. నేను లైన్లోనే ఉన్నాను. నేను చెప్పినట్టు చేయండి" అంది. సొంత చెల్లెల్ని పట్టుకుని అమ్మా అంది, అండీ అంది. నాకు ఒళ్ళు మండింది. కానీ అంతవరకూ వణుకుతున్న నా చేతులు ఆ మాటతో ఆగిపోయాయి.

అక్క చేసే పని అదే. ఊళ్ళో ఎవరికి గుండె పట్టేసినా, ఎవరు ఏ మెట్ల మీంచి పడినా, ఆ ఫోను ఎత్తేవాళ్ళలో తనూ ఒకతె. పాత కట్టడం పై అంతస్తులో పొడుగాటి హాలు. వీధి రొద లోపలికి వస్తుందని కిటికీలు తెరవరు. వరసగా బల్లలు, బల్లకో తెర, చెవులకు హెడ్‌సెట్. తెర మీద ఊరి పటం, పటం నిండా చుక్కలు. పచ్చచుక్క అంటే ఖాళీగా ఉన్న బండి, ఎర్రచుక్క అంటే అప్పటికే ఎవరినో మోస్తున్న బండి. పచ్చచుక్క ఎక్కడుందో చూసి దానికి కబురు పంపడం, అది చేరేవరకూ అవతలివాళ్ళ చేత చేయవలసినవి చేయించడం. ఇంతే పని. చెబితే ఇంతే, చేస్తే తెలుస్తుంది.

నేను కుట్టుపని చేస్తాను. వీధిలో నన్ను కత్తెర అంటారు. చేతిలో ఉన్నదాన్ని చూసి కాదు, నోట్లో ఉన్నదాన్ని చూసి. నాకది తెలుసు, వాళ్ళకు నాకు తెలుసని తెలుసు, ఎవరికీ ఇబ్బంది లేదు. నేను నడక నేర్చేనాటికే అమ్మ పోయింది. నన్ను పెంచింది అక్కే. సంబంధాలు వచ్చాయి, పోయాయి, అక్క ఏ ఒక్కదానికీ పెద్దగా బాధపడినట్టు నేనెరగను. అడిగితే, "నిన్ను సాకేసరికే ఓపిక అయిపోయిందే చిట్టీ, ఇంకొకడిని కూడానా?" అనేది.

అక్కకు ఇంట్లో అబద్ధం చెప్పడం చేతకాదు. మేం అద్దెకుండే ఇంటావిడ ఒకసారి కూర వండి పంపి, మర్నాడు గిన్నె కోసం వచ్చి ఎలా ఉందని అడిగింది. నేనైతే అమృతం అని గిన్నె చేతిలో పెట్టి పంపేదాన్ని. అక్క తీరిగ్గా ఆలోచించి, "ఉప్పెక్కువైందండీ. ముక్క కూడా ఉడకలేదు" అంది. ఆ తర్వాత ఇంటావిడ మా గడప తొక్కలేదు, ఆ కూరలూ రాలేదు. నేను నోటిదురుసు దాన్నే గానీ, ఎక్కడ ఏం చెబితే పని జరుగుతుందో తెలిసినదాన్ని. అక్కకు అది తెలియదు. అడిగితే ఉన్నది చెప్పేస్తుంది, అంతే.

అలాంటి మనిషి చేత ఆ హాల్లో రోజూ ఒక అబద్ధం చెప్పించేవాళ్ళు. ఫోన్ రాగానే ముందుగా అనవలసిన మాట "బండి బయలుదేరింది." తెర మీద పచ్చచుక్క ఉన్నా అదే మాట, అన్నీ ఎర్రగా ఉన్నా అదే మాట. ఎందుకంటే బండి లేదని చెబితే మనుషులు ఫోన్ విసిరేస్తారు. రోగిని భుజాన వేసుకుని వీధిలోకి పరుగెత్తుతారు. విరిగిన నడుమును వంచేస్తారు, కారే రక్తాన్ని వదిలేస్తారు. లైను తెగకూడదు. లైను నిలిస్తే ప్రాణం నిలబెట్టే మాట ఏదో ఒకటి చెప్పొచ్చు. ఈలోగా ఎక్కడో ఒక చుక్క పచ్చబడుతుంది, దానికి కబురు వెళుతుంది, అబద్ధం కాస్తా నిజమైపోతుంది. పనిలో చేరిన కొత్తలో అక్క నాకు ఇదంతా చెప్పి, "నిజమైపోతుందిలేవే" అని తనకు తనే రెండుసార్లు అనుకుంది. ఎక్కువసార్లు నిజమయ్యేది కూడా.

ఆ రోజు అక్కకు సెలవు. బస్టాండు ఎదురుగా ఉన్న హోటల్లో భోంచేద్దామని నేనే లాక్కెళ్ళాను. మధ్యాహ్నం పూట అక్కడ కుర్చీ దొరకడం గగనం. నలుగురు కూర్చునే బల్ల ముందు ఇద్దరే ఉంటే గల్లా దగ్గరి పెద్దాయన ఓర్వలేడు. ఎవరి ఎదుట ఎవరు కూర్చుని తినాలో ఆయనే నిర్ణయిస్తాడు. మేము అన్నం, చేప చెప్పుకుని కూర్చున్నామో లేదో, ఆయన ఒక జంటను వెంటబెట్టుకొచ్చి మా ఎదుట కూర్చోబెట్టాడు. "సర్దుకోండమ్మా, అందరూ మనవాళ్ళే" అని వెళ్ళిపోయాడు.

మగమనిషివి పెద్ద చేతులు. వేళ్ళ నిండా సన్నగా, తెల్లగా పాత గాట్లు. నేను ఆ గాట్లను చూడటం గమనించి, "అద్దాలు కోస్తానండీ. కిటికీలకీ, బీరువాలకీ" అన్నాడు. ఆడమనిషి సన్నగా ఉంది, సంచి ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులూ దాని మీద ఉంచి కూర్చుంది. ఆయన ఆవిడ వైపు వంగి, "అన్నం చెప్పమంటావా?" అని అడిగాడు. ఆవిడ ఆయన్ని చూడలేదు. సర్వరు వైపు తిరిగి, "నాకు సూపు చాలు బాబూ" అంది.

నేను అక్క చెవిలో, "పెళ్ళయి చాలా ఏళ్ళయినట్టుంది" అన్నాను. అక్క బల్ల కింద నా తొడ మీద గిల్లింది.

మొగుడూ పెళ్ళాం మాట్లాడుకోకుండా తినడం కొత్త సంగతేమీ కాదు. కానీ వీళ్ళది అలక కాదు. అలిగినవాళ్ళు ఒకరినొకరు ఓరకంట చూసుకుంటారు. ఈవిడ చూపు ఆయన ఉన్న దిక్కుకే పోవడం లేదు. ఆయన నీళ్ళ గ్లాసు జరిపితే ముట్టుకోలేదు. నా మెడలో కొలత టేపు వేలాడుతోంది, దుకాణం నుంచి తిన్నగా వచ్చేశాను. దాన్ని చూసి ఆవిడ నన్ను అడిగింది.

"కుట్టుపనా మీది?"

"అవునమ్మా. ఈ బస్టాండు వెనక సందులోనే. పచ్చ తలుపు."

"మగవాళ్ళ బట్టలు కూడా కుడతారా?"

"మనుషులవైతే చాలు, ఎవరివైనా కుడతాను" అన్నాను. ఆవిడ నవ్వడానికి ప్రయత్నించింది. నవ్వు సగందాకా వచ్చి ఆగిపోయింది.

మా కంచాలూ, ఆయన అన్నమూ వచ్చాక సర్వరు ఆవిడ సూపు తెచ్చాడు. వెనక ఎవరో కుర్చీ జరిపితే తగిలి, పొగలు కక్కే సూపంతా అతని చేతి మీదే ఒలికిపోయింది. అతను కెవ్వుమన్నాడు. ఒకడు ఉప్పు రాయమంటాడు, ఒకడు నూనె రాయమంటాడు. అక్క లేచి నిలబడింది.

"బాబూ, భయపడకండి. నేను చెప్పినట్టు చేయండి. రుద్దొద్దు. ఏమీ రాయొద్దు. చేతిని కుళాయి కింద పెట్టండి, నీళ్ళు పారనివ్వండి. ఉంగరం ఉంటే ఇప్పుడే తీసేయండి. నేనిక్కడే ఉన్నాను."

ఆ రెండో గొంతు అది. సర్వరు చిన్నపిల్లాడిలా తలూపి కుళాయి దగ్గరికి వెళ్ళాడు. అక్క కూర్చుని ముద్ద కలుపుకుంది. నాకు గర్వమేసింది, దాచుకోవడమెందుకు. ఇంటికెళ్ళాక ఎలా ఏడిపించాలా అని కూడా ఆలోచిస్తున్నాను.

ఎదుట అద్దాలాయన తినడం ఆపేశాడు. చెంచా చేతిలోనే ఉంది. అక్క మొహం చూడటం లేదు, కళ్ళు దించుకుని వింటున్నాడు.

"మీరు అంబులెన్సు ఫోన్లు ఎత్తుతారా?" అన్నాడు.

బయట చెప్పకూడదని అక్కావాళ్ళకు నియమం. చెబితే వీధిలో పట్టుకుని నిలదీసేవాళ్ళుంటారు. అక్క ముద్ద కంచంలో వదిలేసింది. తర్వాత, "అవునండీ" అంది. అడిగితే చెప్పేస్తుందని ముందే అన్నాను కదా.

"నేను మీతో మాట్లాడాను. పోయిన చలికాలం. పొద్దున్నే. మా పాపకు ఆయాసమొచ్చి..." ఆయన పెళ్ళాం వైపు తిరిగాడు. "ఈవిడే. ఆ గొంతు ఈవిడదే. ఇప్పుడడుగు. నీ నోటితో నువ్వే అడుగు."

ఆవిడ మొదటిసారి తలెత్తింది. కానీ ఆయన్ని కాదు, అక్కను చూసింది.

ఆయన గబగబా చెప్పుకుపోయాడు. ఎన్నాళ్ళనుంచో ఎవరితోనైనా చెప్పుకోవాలని చూస్తున్నట్టు చెప్పాడు. "పక్కింటాయనకూ నాకూ గోడ తగువండీ. మాటల్లేవు. ఆ రోజు మాత్రం తనే కారు తీసుకొచ్చి మా గుమ్మం ముందు పెట్టాడు. ఎక్కించండి అన్నాడు. అప్పటికే మీతో ఫోన్లో ఉన్నాను. బండి బయలుదేరింది, పాపను నిటారుగా కూర్చోబెట్టి ఉంచండి అన్నారు మీరు. బండిలో ఆక్సిజన్ ఉంటుంది, కారులో ఏముంటుంది? అందుకని కారొద్దన్నాను. అంతే కదండీ? మీరన్నారా లేదా? ఆ ఒక్క ముక్కా ఈవిడకు చెప్పండి చాలు."

"డ్రైవరును నేనడిగానండీ" అంది ఆవిడ. గొంతులో కోపం కూడా లేదు, ఎండిపోయినట్టుంది. "ఆసుపత్రి గుమ్మంలో నిలబెట్టి అడిగాను. ఎందుకింత ఆలస్యం చేశావు బాబూ అని. మాకు కబురొచ్చిందే ఇందాకనమ్మా, రాగానే బయలుదేరాం అన్నాడు. కబురే రానప్పుడు బయలుదేరిందని ఎవరంటారు? ఎవరూ అని ఉండరు. ఈయనే పుట్టించాడు. పక్కింటాయన కారెక్కితే తల దించుకోవాల్సి వస్తుందని, పాపను కూర్చోబెట్టేశాడు."

"నేను తండ్రినే" అన్నాడాయన.

పాప పోయిన రోజునుంచి ఆవిడ ఆయనకు ఒక్క మాటకూ జవాబివ్వలేదని, ఇంట్లో పొయ్యి వెలగడం లేదని, ఇలా హోటళ్ళ వెంట తింటున్నారని ఆయనే చెప్పాడు. పాపకు ఎనిమిదేళ్ళట.

ఆ మాట అన్నదెవరో నాకు తెలుసు. ఎందుకన్నదో తెలుసు. అది ఒప్పుకుంటే ఏమవుతుందో కూడా తెలుసు. ఆ మనిషి మొగుడిగా మిగలాలంటే అక్క నోరు తెరవాలి. నోరు తెరిస్తే అక్క ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో. నేను బల్ల కింద అక్క కాలు తొక్కాను. అక్క నావైపు చూడలేదు. నేనే అందుకున్నాను.

"రోజూ ఎన్నో ఫోన్లు వస్తాయండీ. ఎవరితో ఏమన్నదీ ఎలా గుర్తుంటుంది? ఇంకెవరో అయి ఉండొచ్చు, ఫోన్లో అందరి గొంతులూ..."

"నువ్వూరుకో చిట్టీ" అంది అక్క. కంచంలో చెయ్యి అలాగే ఉంచి ఆవిడతో అంది, "మీ పాప నాతో మాట్లాడిందమ్మా."

ఆవిడ చేతుల్లో సంచి జారింది.

"మీరు అప్పుడు గుమ్మం దగ్గరో, కారు దగ్గరో ఉన్నారనుకుంటాను. ఈయన పాప మొహం దగ్గర ఫోను పెట్టారు. మెల్లగా ఊపిరి వదలమని చెబుతున్నాను. మధ్యలో నన్నడిగింది. మాట పూర్తిగా రావడం లేదు. బండి కూత వేసుకుంటూ వస్తుందా ఆంటీ, అంది. వేస్తుంది తల్లీ, చెవులప్పగించి విను, దూరంనుంచే వినబడుతుంది అన్నాను. సరే అంది." అక్క ఆయన వైపు చూసింది. "మీ ఆయన అబద్ధం చెప్పలేదు. బండి బయలుదేరిందని చెప్పింది నేనే. కదపొద్దని చెప్పిందీ నేనే."

పక్క బల్ల దగ్గర ఎవరో చేపలో ముళ్ళున్నాయని పోట్లాడుతున్నారు. ఆవిడ తల తిప్పి మొగుడిని చూసింది. ఆ చూపును నేను చెప్పలేను. ఇంట్లోకి వచ్చిన కొత్త మనిషిని చూసినట్టు నుదురు, ముక్కు, గడ్డం అన్నీ చూసుకుంది. ఆయన రెండు చేతులతో మొహం కప్పుకుని, "చూశావా, చూశావా" అంటున్నాడు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు.

అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది! బిల్లు ఇచ్చేసి అక్కను రెక్క పట్టుకుని లాక్కొచ్చేయాల్సింది. నేను లేవబోతూనే ఉన్నాను.

"మరి ఆ డ్రైవరు అలా ఎందుకన్నాడమ్మా?" అంది ఆవిడ. నిలదీసినట్టు కాదు, మామూలుగానే అడిగింది.

"డ్రైవర్లకేం తెలుస్తుందమ్మా, నూటెనిమిది తిరుగుళ్ళు తిరుగుతుంటారు" అన్నాను నేను.

"డ్రైవరు చెప్పిందీ నిజమే" అంది అక్క. "నేనా మాట అన్నప్పటికి బండి లేదు. ఊళ్ళో ఒక్కటి కూడా ఖాళీ లేదు. తర్వాత దొరికింది, దొరకగానే పంపాను. ముందు బయలుదేరిందని చెప్పమనే మాకు నేర్పుతారు."

అద్దాలాయన మొహం మీంచి చేతులు తీశాడు.

"లేదా?"

"లేదండీ."

"అంటే, మీరు చెబుతున్నప్పుడు... దారిలో లేదా?"

"లేదు."

"మరెందుకలా చెప్పారు?"

అక్క చెప్పింది. లేదంటే ఫోన్ పెట్టేస్తారని, పెట్టేస్తే ఏం చేయాలో చెప్పే వీలుండదని, చాలాసార్లు ఈలోగా బండి దొరుకుతుందని. హాల్లో ఆ మాటలు ఎంత సబబుగా ఉండేవో నాకు తెలుసు. ఆ బల్ల దగ్గర, సగం తిన్న కంచాల ముందు, అవి ఎవరికీ పనికిరాని మాటల్లా పడ్డాయి. అక్కకూ అది తెలిసింది. మధ్యలోనే ఆపేసింది.

ఆయన అక్కను తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే నేనూ నాలుగు అనేదాన్ని, ఎవరి బరువు వాళ్ళు కొంత దించుకునేవాళ్ళం. ఆయన తిట్టలేదు. "మీరు చాలా ధైర్యం చెప్పారండీ ఆ రోజు" అన్నాడు. తర్వాత తనలో తనే లెక్క చూసుకుంటున్నవాడిలా అన్నాడు, "పక్కింటాయన ఇంజను ఆపలేదు. నేను వద్దన్నాక కూడా కాసేపు అలాగే ఉంచాడు. తలుపు తీసే ఉంది. ఆసుపత్రి... సంత దాటితే ఆసుపత్రే కదా."

"ఊరుకో" అంది ఆవిడ.

"తలుపు తీసే ఉందే."

"ఊరుకోమన్నానా! నీ తప్పేం లేదు. విన్నావుగా, ఆవిడ చెప్పింది విన్నావుగా? తిను. ముందు అన్నం తిను." కంచం ఆయన వైపు జరిపి, ముద్ద కలిపి పెట్టింది. అన్ని నెలల తర్వాత మొగుడితో ఆవిడ మాట్లాడటం అదే మొదటిసారి. ఆయనకు ఆ సంగతే తెలిసినట్టు లేదు. లేచి నిలబడి, ఆ ముద్ద ముట్టుకోకుండానే తలుపు వైపు నడిచాడు. ఆవిడ సంచి అందుకుని వెంట పరుగెత్తింది. గల్లా పెద్దాయన వెనక నుంచి కేకేశాడు. ఆ ఇద్దరి బిల్లూ నేనే ఇస్తానని చెప్పి ఆయన నోరు మూయించాను.

దారిలో అక్కను తిట్టాను. బతకనేర్వని మనిషివన్నాను. అన్నానని ఒప్పుకుంటే సరిపోయేదానికి, ఆ రెండో ముక్క కూడా ఎందుకు చెప్పావన్నాను.

"అడిగిందిగా" అంది అక్క.

మర్నాడు పనికెళ్ళి సూపర్‌వైజరుకు జరిగింది చెప్పింది. ఆయన చెడ్డవాడు కాదు. తలుపు వేసి, కూర్చోబెట్టి మాట్లాడాడు. "వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్ళి చేయమన్నారు. మనం ఒక్క అబద్ధమాడి ప్రాణం నిలబెడుతున్నాం. నిజం చెబుతూ పోతే ఎంతమంది పోతారో తెలుసా నీకు?" అన్నాడట. తెలియదండీ, మీకు తెలుసా అని అడిగిందట అక్క. ఆయనకూ తెలియదు. ఆయన ఎవరికీ ఫిర్యాదు చేయలేదు. ఆ జంట కూడా చేయలేదు. ఎవరైనా చేస్తే బాగుండునని అక్క ఎదురుచూసిందని నాకనిపించింది.

హెడ్‌సెట్ పెట్టుకునేది. పచ్చచుక్క ఉన్నంతసేపూ బాగానే చెప్పేది. అన్నీ ఎర్రబడితే మాట వచ్చేది కాదు. అవతల హలో హలో అని అరుస్తుంటే తెరను చూస్తూ కూర్చునేది. పక్క బల్లవాళ్ళు ఆ ఫోన్లు లాక్కుని మాట్లాడేవాళ్ళు. ఇలా ఎన్నాళ్ళు సాగుతుంది? సూపర్‌వైజరే బతిమాలి, తనను కింద షెడ్డుకు మార్పించాడు. బండ్లలోకి ఆక్సిజన్ సిలిండర్లు, దుప్పట్లు, దూది అందించే పని. అక్కడ ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. ఇంట్లో కూడా మాట్లాడటం తగ్గించేసింది. పొద్దున పిడికెడు, రాత్రి పిడికెడు తినేది. నేను ఎగతాళి చేసి చూశాను, కసిరి చూశాను, ఒకరోజు ఏడ్చి కూడా చూశాను. "ఆకలి లేదే" అనేది. సాయంత్రం రాగానే మాత్రం ఒకటే ప్రశ్న. "ఆవిడ నీ దుకాణం వైపు వచ్చిందా?" పచ్చ తలుపని నేను చెప్పడం గుర్తుపెట్టుకుంది.

ఒకరోజు వచ్చింది. మధ్యాహ్నం, నేను కాజాలు కుడుతుంటే గుమ్మంలో నిలబడింది. సంచిలోంచి రెండు ప్యాంట్లు తీసింది.

"నడుము తగ్గించాలండీ."

"ఎంత?"

కొలత తేలేదు. చేత్తో పట్టి చూపించింది. నేను సూదులు గుచ్చుతూ పోయాను. ఒక పిడికెడు గుడ్డ అయింది, ఇంకో పిడికెడు అయింది. అంత తగ్గిస్తే జేబులు రెండూ వెనక్కి వెళ్ళి ఒకదానికొకటి తగులుతాయి. కుట్టేవాళ్ళకు తెలుస్తుంది, అది తగ్గించే ప్యాంటు కాదు, ఇంకో మనిషి ప్యాంటు. నా నోరు అప్పుడు మూతపడింది.

"అద్దాలు మానేశాడు" అంది ఆవిడ, స్టూలు మీద కూర్చుని. "పొద్దున లేవగానే పక్కింటికి వెళతాడు. ఆయన కారు తుడుస్తాడు. చక్రాలు, అద్దాలు, లోపల సీట్లు అన్నీ. పాపం ఆయన వద్దని చెప్పలేడు, చూడలేడు, తలుపు వేసుకుని లోపల కూర్చుంటాడు. ఈయన తుడిచాక కారు వెనక తలుపు తీసి పెట్టి, దాని పక్కన నిలబడతాడు. నేను వెళ్ళి చెయ్యి పట్టుకుని తెచ్చుకోవాలి. నాతో మాట్లాడడు. నేను రోజంతా మాట్లాడుతూనే ఉంటాను."

నేను గ్లాసుతో నీళ్ళిచ్చాను. పట్టుకుంది గానీ తాగలేదు.

"మీ అక్కగారి మీద నాకు కోపం లేదు చెల్లెమ్మా. అడిగింది నేనే. పాప మాటలు నాకు దక్కించింది ఆవిడే, అది మరిచిపోను. కానీ మా ఆయన మొహం చూస్తూ కూడా ఆ రెండో మాట ఎందుకు చెప్పారు? ముందు మాట తనే అన్నట్టు చెప్పారు కదా, నాకది చాలు. బండి కూడా బయలుదేరిందనే చెప్పేస్తే పోయేది కదా. ఊరందరికీ చెబుతారు. మాకు ఇంకొక్కసారి చెబితే ఏం పోయింది?"

ఆ ప్యాంట్లు ఇంటి దగ్గర కుడదామని తెచ్చుకున్నాను. సాయంత్రం అక్క ఇంటికి వచ్చింది. చెప్పులు విడిచి, చేతులు కడుక్కుని, నేలవైపు చూస్తూ ఎప్పటిలాగే అడిగింది.

"వచ్చిందా?"

"వచ్చింది" అన్నాను.

అక్క అలాగే గోడకు ఆనుకుని నిలబడిపోయింది. "ఎలా ఉన్నారట?"

నా చేతికున్న సూదిపోట్లు ఒక్కసారిగా మండాయి. ఎంతమందికి ఎన్ని మాటలు మొహం మీద అనేశానో! అక్క కళ్ళు నా నోటి మీదే ఉన్నాయి. బుగ్గలు పీక్కుపోయి ఉన్నాయి.

"బాగున్నారు. ఇద్దరూ మాట్లాడుకుంటున్నారట. ఇంట్లోనే వండుకుంటున్నారట. ఆయన మళ్ళీ పనిలోకి వెళుతున్నాడట. నువ్వు నిజం చెప్పి మంచిపని చేశావని చెప్పమంది" అన్నాను. ఎక్కడా తడబడలేదు. అంత మెత్తగా మాట్లాడగలనని నాకే తెలియదు.

"నిజంగా?"

"మరి? నేనెప్పుడైనా మొహమాటానికి చెప్పానా?"

అక్క కింద కూర్చుని కంచం జరుపుకుంది. అన్నం పెట్టాను, తింది. మారు పెట్టమంది. నెలల తర్వాత మారు అడిగింది. తింటూ, బల్ల మీదున్న ప్యాంట్లు చూసి, "అవెవరివే?" అంది.

"ఎవరివో కొత్తవి, పొడుగు తగ్గించాలి" అని చెప్పి, వాటిని తీసి గుడ్డల మూట అడుగున పెట్టాను. తిరిగొచ్చి కూర ఇంకొంచెం వడ్డించాను.